పద్నాలుగో నంబరు బూట్లు

ముందు మీరు చూసింది చెప్పండి. బడి వరండాలో, పెద్ద టీచరమ్మ గది పక్కన గోడకి తగిలించిన ఆ ఫోటో సంగతే అడుగుతున్నాను. రోజూ ఆ దారినే వెళ్తారు కదా. ఏం చూశారు? మడ అడవి ముందు నిలబడ్డ పద్దెనిమిది మంది పిల్లలు, ఒళ్ళంతా బురద, మొహాల నిండా నవ్వు. వాళ్ళ ముందు ఒక చెక్క, దాని మీద కడిగి వరసగా పెట్టిన గమ్‌బూట్లు. అంతేనా? బూట్ల రంగు చూశారా? చూసి ఉండరు. పిల్లలు నవ్వుతుంటే పెద్దవాళ్ళు ఇంకేమీ చూడరు. అదే మనకొచ్చిన రోగం.

సరే, కూర్చోండి. చెబుతాను.

ఆ బడిలో సైన్సు చెప్పే ఆవిడని పిల్లలు బురద మేడం అనేవాళ్ళు. ఆ పేరు ఆవిడకి తెలుసు, లోలోపల ఇష్టం కూడా. పుస్తకంలో బొమ్మ చూపించి మడ అడవి గురించి చెప్పడం అన్నం బొమ్మ చూపించి ఆకలి తీర్చడం లాంటిదని ఆవిడ అనేది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఏటా ఒకసారి పిల్లల్ని బస్సెక్కించి, ఏరు సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళి, నీరు తీసిన వేళ బురదలోకి దింపేది. తర్వాత పన్నెండేళ్ళ పాటు అటువైపు తొంగి చూడలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పింది.

మోకాళ్ళ నొప్పులు కావు.

పన్నెండేళ్ళ కిందట ఇరవైరెండు మంది పిల్లల్ని తీసుకెళ్ళింది. అప్పట్లో బడి బూట్లు నీలం రంగువి. ఒక్కో జత లోపల తెల్ల పెయింటుతో పిల్లల నంబర్లు ఆవిడే వేసింది. వెనక్కి వచ్చాక ప్రతివాడూ తన బూట్లు కుళాయి కింద కడిగి చెక్క మీద పెట్టాలి. ఆవిడ జతలు లెక్కపెట్టుకునేది. పిల్లలు ఒకచోట నిలబడరు, తూనీగల్లా తిరుగుతుంటారు. బూట్లు కదలవు. అందుకని బూట్లు లెక్కపెట్టడం అలవాటైంది. బూట్లు బడివి కాబట్టి ఇంకో మాట కూడా చెప్పి దింపేది. "ఎవరి బూటు ఇరుక్కున్నా లాగి తెచ్చెయ్యండి. ఒక్కటి కూడా పోకూడదు."

ఆ రోజు ఇరవైరెండు జతలు చెక్క మీదికి వచ్చాయి. బస్సు కదిలింది. పద్నాలుగో నంబరు పిల్లాడు మాత్రం బస్సులో లేడు.

వాడి బూట్లు వాడికి రెండు సైజులు పెద్దవి. బురదలో దిగబడిపోయి ఖాళీగా నిలబడి ఉంటే, ఇంకో పిల్లాడు చూసి, వీడు ఉత్తి కాళ్ళతో ముందే వెళ్ళిపోయాడనుకున్నాడు. మేడం చెప్పినట్టే లాగి తెచ్చి, కడిగి, చెక్క మీద పెట్టాడు. మంచి పిల్లాడు. చెప్పిన మాట విన్నాడు.

సాయంత్రం పద్నాలుగో నంబరు పిల్లాడి పిన్ని బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. తల్లీ తండ్రీ లేని పిల్లాడు, నాలుగిళ్ళలో అంట్లు తోమి ఆవిడే పెంచుతోంది. అప్పటికే పోటు వచ్చి అడవంతా నీళ్ళు. రెండు రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. మూడో రోజు అప్పటి పెద్ద మాస్టారు హాజరు పట్టీ తెచ్చి బురద మేడం ముందు పెట్టాడు. ఆ తేదీన ఆ పిల్లాడి పేరు ఎదురుగా గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"రాలేదని రాయండి," అన్నాడు.

రాసింది.

"పొద్దున నేనే బస్సెక్కించానయ్యా," అని ఆ పిన్ని గొంతు పోయేలా అరిచింది. ఎవరు వింటారు? ఇరవైఒక్క మంది పిల్లల నోళ్ళు మూయించడానికి ఎంతసేపు పడుతుంది? పరీక్షల మాట ఎత్తితే చాలు. తర్వాతి వారం ఆ పద్నాలుగో నంబరు బూట్లను సంచీలో పెట్టుకుని బురద మేడం ఒంటరిగా మళ్ళీ అక్కడికి వెళ్ళింది. బురదలో పెట్టి కాలితో తొక్కింది. బూట్లు కిందికి దిగుతుంటే బుడగలు వచ్చాయి. అవి ఆగేదాకా నిలబడి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని అన్నం తిన్నది. ఛీ అనిపిస్తోందా? నాకూ అనిపిస్తుంది. కానీ ఆవిడ చెడ్డ మనిషి కాదు. అందుకే ఇంకా అసహ్యం.

ఇక ఇప్పటి మాట. బడికి కొత్తగా వచ్చిన పెద్ద టీచరమ్మకి ఆరుబయట చదువంటే పిచ్చి. "మీరు రిటైరయ్యేలోగా ఒక్కసారి పిల్లలకి మడ అడవి చూపించండి మేడం," అని వెంటపడింది. దానికి తోడు ఆ తరగతిలోనే బురద మేడం మనవరాలు ఉంది. కూతురి కూతురు, పదమూడేళ్ళది. ఇంట్లో ఉండేది ముగ్గురే ఆడవాళ్ళు. అమ్మమ్మ, ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు, ఈ పిల్ల. వారం రోజులు బతిమాలి, అలిగి, ఆఖరికి మనవరాలే ఆవిడని ఒప్పించింది.

బయల్దేరే రోజు పొద్దున కూతురు గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నా పిల్లని నీ చేతిలో పెడుతున్నాను. మళ్ళీ నా చేతికి తెచ్చివ్వు."

"పరాయిదానికి చెప్పినట్టు చెబుతావేమే?"

"నువ్వు పన్నెండేళ్ళు వెళ్ళలేదు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. తెచ్చివ్వు, అంతే."

బడిలో అడుగు పెడితే 'మేడం' అనాలి, ఇంట్లో 'అమ్మమ్మా' అనాలి. ఇది అమ్మమ్మకీ మనవరాలికీ ఎప్పటినుంచో ఉన్న ఒప్పందం. గుమ్మం దాటగానే ఆ పిల్ల సైనికుడిలా నిటారుగా నిలబడి, "బయల్దేరదామా మేడం?" అనేసరికి ముగ్గురూ నవ్వారు.

ఈసారి బూట్లు కాదు, తలలు లెక్కపెట్టాలని ఆవిడ ముందే గట్టిగా అనుకుంది. బస్సు ఎక్కేటప్పుడు ఒక్కొక్క తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. పద్దెనిమిది. బూట్లు కూడా పద్దెనిమిది జతలు, కొత్తవి, నల్లవి. మాట కూడా మార్చింది. "బూటు ఇరుక్కుంటే బూటు వదిలెయ్యండి. కాలు తెచ్చుకోండి."

"కాళ్ళు కూడా బడివేనా మేడం?" అన్నాడు ఒకడు. వాడి ముద్దుపేరు 'ఎందుకు'. రోజుకి వంద సార్లు ఆ మాటే అడుగుతాడని. తోడుగా వచ్చిన డ్రిల్లు మాస్టారు వాడి నెత్తిన ఒకటి మొట్టాడు.

మధ్యాహ్నం మూడు గంటలకి నీరు పూర్తిగా తీసింది. చెక్కల వంతెన దిగగానే కుళ్ళిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది. పిల్లలు ముక్కులు మూసుకుని వాంతి వస్తున్నట్టు నటించారు. బురద నల్లగా, జిడ్డుగా, అడుగు వేస్తే పిండిలా లోపలికి లాగి, కాలు తీస్తే చప్పరించినట్టు శబ్దం చేసింది. ఎటు చూసినా అందులోంచి జానెడేసి పొడుగున నిక్కి నిలబడ్డ వేర్లు, వేలకి వేలు. బురద మీద చిన్న చిన్న పీతలు, నీళ్ళు లేకపోయినా గెంతుతూ తిరిగే కనుగుడ్లు పైకి పొడుచుకొచ్చిన చేపలు.

పాఠం మొదలుపెట్టగానే ఆవిడ భయం పోయింది. పాఠం అలాంటిదే, చెప్పేవాళ్ళని కూడా మరిపిస్తుంది.

"ఆకు వెనక నాలుకతో తాకండి," అంది.

"ఛీ! ఉప్పు!"

"ఈ చెట్టు ఉప్పు నీళ్ళు తాగి, ఆ ఉప్పుని ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది. తెల్లగా మెరుస్తోంది చూశారా, అదే. ఇక ఈ పైకి నిలబడ్డవి ఊపిరి వేర్లు. కింద బురదలో గాలి ఉండదు. అందుకని చెట్టు ముక్కులు బయట పెట్టుకుంది."

"గాలి లేకపోతే ఏమవుతుంది మేడం?"

"దేన్నయినా కుళ్ళబెట్టాలంటే గాలి కావాలి. ఇందులో పడ్డది తొందరగా కుళ్ళదు. ఆకులు, కొమ్మలు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి."

"మరి మనిషి పడితే?" అన్నాడు 'ఎందుకు'.

ఆవిడ "ఆకుల గురించి అడుగు," అంది.

తర్వాత పిల్లల్ని జట్లుగా చేసింది. జట్టుకొక పైపు చట్రం, నాలుగు వైపులా మీటరు. చట్రాన్ని బురద మీద పడేసి, లోపలికి వచ్చిన ఊపిరి వేర్లను లెక్కపెట్టి రాయాలి. పిల్లలు వంగి లెక్కల్లో పడ్డారు. అందరికంటే చివర, వాలిన చెట్టు పక్కన మనవరాలి జట్టు ఉంది.

"మేడం, ఇక్కడ వేర్లు అయిదేసి ఉన్నాయి!" అని ఆ పిల్ల కేకేసింది.

"అయిదేసి ఉండటమేంటి?"

"వచ్చి చూడండి."

వెళ్ళి చూసింది. చట్రం మధ్యలో రెండు గుంపులు, పక్కపక్కన. ఒక్కో గుంపులో అయిదు. ఒక చివర లావుది, అక్కణ్ణించి రెండో చివరి దాకా ఒకదాని కంటే ఒకటి చిన్నవి. మిగతా వేర్లు ముదురు గోధుమ రంగులో, గరుగ్గా ఉన్నాయి. ఇవి పాలిపోయి, నానిపోయి, చాలాసేపు నీళ్ళలో ఉన్న చర్మంలా ముడతలు పడి ఉన్నాయి. బురద కింద ఎవరో వెల్లకిలా పడుకుని, పాదాలు కొద్దిగా పైకి పెట్టినట్టు.

ఆవిడ లావుదాన్ని వేలితో నొక్కింది. ఎందుకు నొక్కిందో ఆవిడకే తెలీదు. వేరైతే గట్టిగా ఉండాలి. ఇది మెత్తగా లోపలికి పోయింది. గోరువెచ్చగా ఉంది. వేలు తీశాక చివర ఒక పల్చటి పెచ్చు అంటుకుని వచ్చింది. పసుపుపచ్చ పెచ్చు, అర్ధచంద్రంలా.

వేలిని చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, ఆ చీర కొంగు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుంది.

"ఎన్నని రాయను మేడం?" అంది మనవరాలు.

"ఏమీ రాయకు. చట్రం తీసెయ్యి. పద ఇక్కణ్ణించి."

అప్పుడే పీతలన్నీ ఒక్కసారిగా బొరియల్లోకి దూరాయి. గెంతే చేపలు కనబడలేదు. అంతదాకా ఉన్న చిటపటలన్నీ ఆగిపోయాయి. దూరంగా ఏటి వైపు నుంచి నీళ్ళు పాకుతున్న చప్పుడు... పోటు మొదలైంది.

ఆవిడ ఈల ఊదింది. పిల్లలు కేరింతలతో వంతెన వైపు కదిలారు. డ్రిల్లు మాస్టారు ముందు, ఆవిడ వెనక. మనవరాలు ముందు గుంపులో ఉందనుకుంది. ఇరవై అడుగులు నడిచాక వెనక నుంచి వినబడింది, సన్నగా.

"అమ్మమ్మా..."

బడి వేళలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

తిరిగి చూసింది. వాలిన చెట్టు దగ్గర మనవరాలు పిక్కల దాకా దిగబడి ఉంది.

"అమ్మమ్మా, ఎవరో పట్టుకున్నారు."

"ఎవరూ లేరమ్మా, బురద అంతే. బూటు వదిలెయ్యి. కాలు పైకి లాగు."

"లాగుతున్నా... బూటుని కాదు. లోపల... కాలు పట్టుకున్నారు."

ఆవిడ పరుగెత్తబోయింది. బురదలో పరుగు ఎక్కడ? ఒక్కో అడుగూ పీక్కోవాలి. మధ్యలో వేర్ల గుబురు అడ్డొచ్చింది. దాన్ని చుట్టి వెళ్ళేసరికి ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఆ నిమిషంలో పెద్ద బుడగ పగిలిన చప్పుడు ఒకటి వినబడింది. దాని వెంట వాసన. కుళ్ళిన గుడ్ల వాసన కాదు. మూసిన గదిలో తడిబట్టలు నెలల తరబడి ముద్దగా పడి ఉంటే వచ్చే వాసన, దాని అడుగున ఏదో తియ్యగా... ఆవిడ నోట్లోకి నీళ్ళూరాయి, ఉమ్మేసింది.

గుబురు అవతల మనవరాలు నిలబడి ఉంది. ఉత్తి కాళ్ళు. తల నుంచి పాదాల దాకా బురద. ఏడవడం లేదు.

"వచ్చేశాను మేడం," అంది.

ఆవిడ ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. ఒళ్ళు చల్లగా, బరువుగా ఉంది. ఆ బురద చీరంతా అంటింది. మోచెయ్యి పట్టుకుని వంతెన దాకా వదల్లేదు.

కుళాయి దగ్గర గోల గోలగా ఉంది. ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. డ్రిల్లు మాస్టారు చెక్క ముందు నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెడుతున్నాడు.

"పద్దెనిమిది జతలూ వచ్చాయి మేడం. ఇక బయల్దేరొచ్చు."

"పదిహేడే ఉండాలి మాస్టారూ. మా పిల్లవి బురదలో ఉండిపోయాయి."

"మీరే చూసుకోండి. నాకు లెక్కలు రావంటారా ఏం?"

చూసింది. పదిహేడు నల్లవి. చివరన ఒక జత నీలం.

అవి కడిగి లేవు. బురద ఓడుతూ ఉన్నాయి. ఎవరు పెట్టారని అడిగితే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఆవిడ వంగి ఒక బూటు అందుకుంది. లోపలి అంచున తెల్ల పెయింటు, ఆవిడ చేతిరాత. పద్నాలుగు.

బూటు నిండుగా, బరువుగా ఉంది. పిల్లలకి కనబడకుండా పక్కకి తీసుకెళ్ళి వంచింది. ముందు నల్లటి నీళ్ళు వచ్చాయి. తర్వాత జావలాంటిది, ముద్దలు ముద్దలుగా. అందులో మెలికలు తిరుగుతున్న తెల్లటి పురుగులు, చిన్న చిన్న వెంట్రుకల చిక్కు. ఆఖరున లోపలిదేదో అడుగుకి అతుక్కుని రాలేదు. వెలుతురుకి ఎత్తి లోపలికి చూసింది. బూటు ముందు భాగంలో అయిదు పాలిపోయిన వేర్లు, పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది. వాటి మీద సూది మొనంత రంధ్రాలు. ఆ రంధ్రాలు తెరుచుకుంటున్నాయి... మూసుకుంటున్నాయి.

బూటు పడేసి పక్కకి తిరిగి కక్కుకుంది. పొద్దుటి నుంచి తిన్నదంతా పోయింది.

"ఎండదెబ్బ మేడం, కాసేపు కూర్చోండి," అన్నాడు డ్రిల్లు మాస్టారు. ఆ బూటుని కాలితో చెక్క మీదికి నెట్టి, పిల్లల్ని వెనక నిలబెట్టి ఫోటో తీశాడు. మీరు చూసింది ఆ ఫోటోనే.

బస్సెక్కేటప్పుడు ఆవిడ తలుపు దగ్గర నిలబడింది. ఒక్కొక్క తల మీద చెయ్యి పెట్టింది. పదిహేను... పదహారు... పదిహేడు... చివరన మనవరాలు. చెయ్యి పెడితే జుట్టు గరుగ్గా తగిలింది. చెయ్యి తీసి చూసుకుంది. అరచేతిలో తెల్లటి పలుకులు. పద్దెనిమిది.

లెక్క సరిపోయింది. ఎవరూ తగ్గలేదు. అందరి తలలూ ఉన్నాయి.

డ్రైవరు ఇంజను వేశాడు. బస్సు కదిలింది. పొద్దు వాలి అడవి నల్లగా ముద్దకట్టింది. వంతెన కింద నీళ్ళు అప్పుడే మొదటి మెట్టు తాకాయి. అప్పుడు వినబడింది, చెట్ల మధ్య నుంచి, గొంతు బొంగురు పోయేంత గట్టిగా.

"అమ్మమ్మా! అమ్మమ్మా... నేనిక్కడే..."

ఆవిడ ముందు సీటు కేసి చూసింది. మనవరాలు అక్కడే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా ముందుకి చూస్తూ.

"విన్నావా?" అంది గొణిగినట్టు.

ఆ పిల్ల తల తిప్పలేదు. "అందరం ఉన్నాం మేడం," అంది.

"ఏమైనా మర్చిపోయామా మేడం, ఆపనా?" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ.

ఆపమంటే ఏం చెప్పాలి? పద్దెనిమిది మందిని తెచ్చాను, పద్దెనిమిది మందీ ఉన్నారు, అయినా ఒకరు ఉండిపోయారని చెప్పాలా? చెబితే నీలం బూట్ల సంగతి చెప్పాలి. బూట్ల సంగతి చెబితే హాజరు పట్టీ సంగతి చెప్పాలి. కేక ఇంకోసారి వినబడింది. ఈసారి నోట్లో నీళ్ళు పోయినట్టు, మధ్యలో తెగిపోయింది.

"పోనివ్వు," అంది.

చూశారా? రెండోసారి కూడా లెక్క చూసుకుంది. మొదటిసారి బూట్లు చూసి పిల్లాణ్ణి చూడలేదు. రెండోసారి తలలు చూసి మొహం చూడలేదు.

గుమ్మంలో కూతురు ఎదురుచూస్తోంది. పిల్లని గట్టిగా వాటేసుకుని, "తెచ్చావమ్మా," అని తల్లి వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ముక్కు చిట్లించింది. "ఏం బురదే బాబూ ఇది, రెండుసార్లు తలంటినా వాసన పోయేలా లేదు."

పోలేదు. నాలుగు నెలలైంది, ఇప్పటికీ పోలేదు. పిల్ల బాగానే ఉంది. బడికి వెళ్తుంది, మార్కులు తెచ్చుకుంటుంది. ఇదివరకటి కంటే నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అందులో ఉప్పు కలుపుకుంటుంది. ఇంట్లో చెప్పులు వేసుకోదు, ఎక్కడ నిలబడితే అక్కడ నేల కాస్త తడుస్తుంది. పొద్దున లేచాక దిండు మీద, చేతుల మీద తెల్లగా మెరిసే పలుకుల్ని తల్లి తడిగుడ్డతో తుడిచి, "ఇదేం చెమటే తల్లీ," అంటుంది. బురద మేడం పక్క గదిలోంచి వింటుంది. ఆ చెమట ఏమిటో పాఠం చెప్పిందే ఆవిడ.

ఇంకొక్క సంగతి. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఇంట్లో కూడా మేడం అనే అంటోంది. అన్నానికి పిలిచినా మేడం, లైటు తీసెయ్యమన్నా మేడం. కూతురు నవ్వుతుంది, "ఇది బడి కాదే, అమ్మమ్మా అని పిలవొచ్చు," అంటుంది. అప్పుడా పిల్ల తల తిప్పి బురద మేడం కేసి చూస్తుంది. పిలవమని నువ్వు అడుగు, పిలుస్తాను అన్నట్టు.

ఆవిడ ఇంతవరకు అడగలేదు. మీరైతే అడుగుతారా?